రావికొమ్మతో సముద్రం దాటిన సంఘమిత్ర

అశోకుడి పాఠం చదవకుండా బడి దాటినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. కళింగ యుద్ధం, పశ్చాత్తాపం, దారికి ఇరుపక్కలా చెట్లు నాటించడం, బావులు తవ్వించడం... ఇవన్నీ అయ్యాక పాఠం చివర్లో ఒక వాక్యం వస్తుంది. అశోకుడు తన కొడుకు మహేంద్రుణ్ణీ, కూతురు సంఘమిత్రనీ ధర్మప్రచారం కోసం సింహళానికి పంపించాడని. ఒక మార్కు ప్రశ్న అది. నేనూ అందరిలాగే బట్టీపట్టి రాశాను. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళచేత అదే పాఠం ఒప్పజెప్పించుకునే రోజుల్లో గానీ ఆ పంపించాడు అన్న మాట దగ్గర నా మనసు ఆగలేదు. రెండువేల రెండువందల ఏళ్ళ క్రితం, కన్నవాళ్ళనీ కట్టుకున్న ఊరినీ వదిలి, తిరిగి రానని తెలిసీ ఓడెక్కిన ఆడమనిషి కేవలం తండ్రి పంపిస్తేనే వెళ్ళిందా?

ఆ సందేహంతోనే మహావంశం అనువాదం తెప్పించుకుని చదివాను. లంకలో బౌద్ధ భిక్షువులు పాళీ భాషలో రాసుకున్న చరిత్ర గ్రంథం అది. దాదాపు 5వ శతాబ్దం నాటిది. అంతకు ముందే దీపవంశం అని ఇంకొకటి ఉంది. సంఘమిత్ర జీవితం మనకి తెలిసేది ముఖ్యంగా ఈ రెండింటి వల్లనే. అశోకుడి శిలాశాసనాల్లో ఆమె పేరు లేదు. గ్రంథాల్లో మహిమలూ అద్భుతాలూ బోలెడు ఉన్నాయి. అందుకే కొందరు చరిత్రకారులు ఈ కథని పూర్తిగా నమ్మరు. ఆ మహిమలన్నీ పక్కన పెట్టి చూసినా నాకు ఒక నిండు స్త్రీ జీవితం కనిపించింది. అది మీతో పంచుకోవాలనిపించింది.

విదిశలో తల్లి, పాటలీపుత్రంలో తండ్రి

అశోకుడు అప్పటికింకా రాజు కాలేదు. తండ్రి బిందుసారుడు ఉజ్జయినికి పాలకుడిగా పంపితే వెళ్తూ, దారిలో విదిశ అనే ఊళ్ళో ఆగాడు. అక్కడ ఒక వర్తకుడి కూతురు దేవిని చూసి ఇష్టపడి చేసుకున్నాడు. వాళ్ళకి మొదట మహేంద్రుడు పుట్టాడు. రెండేళ్ళ తరవాత సంఘమిత్ర పుట్టింది. తండ్రి చనిపోయే స్థితిలో ఉన్నాడని తెలిసి అశోకుడు సింహాసనం కోసం పాటలీపుత్రం, అంటే ఇప్పటి పాట్నాకి తరలిపోయాడు. పిల్లలిద్దరూ తండ్రి దగ్గరికి చేరారు. దేవి మాత్రం విదిశలోనే ఉండిపోయింది. మహారాజుకి పెద్ద కొడుకునీ కూతుర్నీ కన్న తల్లి, పట్టపురాణి కాలేదు. మధ్యప్రదేశ్‌లో మనం చూసే సాంచీ స్తూపం ఆ విదిశకి కూతవేటు దూరంలోనే ఉంది.

సంఘమిత్రకి చిన్నతనంలోనే పెళ్ళయింది. వరుడు అగ్నిబ్రహ్మ, అశోకుడికి మేనల్లుడు. అంటే మన ఇళ్ళల్లో బాగా తెలిసిన మేనరికమే అన్నమాట. సుమనుడని ఒక కొడుకు పుట్టాడు. ఇంతలో అశోకుడి తమ్ముడు తిస్సుడు భిక్షువైపోతే, అతని వెనకే అగ్నిబ్రహ్మ కూడా కాషాయం కట్టేశాడు. పద్ధెనిమిదేళ్ళు కూడా నిండని పిల్ల, చంకలో బిడ్డ, భర్త ఆరామంలో. రాజభవనం కాబట్టి తిండికీ బట్టకీ లోటుండదు. కానీ మనసు సంగతి? గ్రంథం దాని జోలికి పోదు. మనం ఊహించుకోవచ్చు.

తండ్రి చేసిన దానం

అశోకుడు పట్టాభిషిక్తుడైన ఆరో ఏట జరిగింది ఇది. దేశమంతా 84,000 విహారాలు కట్టించి, ఆ ఉత్సవంలో ఉప్పొంగిపోతూ మొగ్గలిపుత్త తిస్సుడనే పెద్ద భిక్షువుని ఒక ప్రశ్న అడిగాడట. బుద్ధుడి ధర్మానికి నా అంత దానం చేసినవాడు ఎవరైనా ఉన్నాడా అని. లేడన్నాడాయన. అయితే నేను ఈ ధర్మానికి బంధువుని అయినట్టేనా అని మళ్ళీ అడిగాడు. ఎంత ధనం పోసినా దాత మాత్రమే అవుతావు, కన్నబిడ్డని ఇచ్చినవాడే బంధువవుతాడు అన్నాడాయన.

రాజు పక్కకి తిరిగి చూశాడు. అక్కడే ఉన్నారు కొడుకూ కూతురూ. సన్యాసం తీసుకుంటారా అని అడిగాడు. ఇద్దరూ సరే అన్నారు. మహేంద్రుడికి ఇరవై ఏళ్ళు, సంఘమిత్రకి పద్ధెనిమిది.

అడిగాడు, ఒప్పుకున్నారు అనే రాసి ఉంది. కానీ నిండు సభలో, అంతమంది భిక్షువుల ఎదుట, చక్రవర్తి అయిన తండ్రి అడిగితే కాదనగలిగే కూతురు ఎవరు? ఈ ఘట్టం చదివినప్పుడు కన్యాదానం పీటల మీద కూర్చున్న మన ఆడపిల్లలు గుర్తొచ్చారు నాకు. ఇచ్చేది తండ్రి, పుచ్చుకునేది ఇంకొకరు. ఇక్కడ పుచ్చుకున్నది బౌద్ధ సంఘం. అంతే తేడా.

అయితే ఆ సంఘంలో ఆడవాళ్ళకంటూ ఒక చోటు అప్పటికే ఉంది. అది సులువుగా వచ్చింది కాదు. బుద్ధుణ్ణి పెంచిన పినతల్లి మహాప్రజాపతి గౌతమి తనకీ తనతో ఉన్న ఆడవాళ్ళకీ సన్యాసం ఇమ్మని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ కాదన్నారు. చివరికి ఆనందుడు మధ్యవర్తిత్వం చేస్తే గానీ భిక్షుణీ సంఘం ఏర్పడలేదు. అలా గౌతమితో మొదలైన వరసలోనే సంఘమిత్ర చేరింది. ఆమెకి దీక్ష ఇప్పించినది ధర్మపాల అనే భిక్షుణి, చదువు చెప్పినది ఆయుపాల అనే భిక్షుణి. రాజుగారి కూతురైనా గురువులు ఆడవాళ్ళే. తరవాతి పన్నెండేళ్ళూ ఆమె చదువుకుంది, ధ్యానం చేసింది, పదిమందికి చెప్పగలిగే థేరి, అంటే పెద్ద భిక్షుణి అయింది.

అనుల అడిగింది

కథలో అసలు మలుపు పాటలీపుత్రంలో రాలేదు, లంకలో వచ్చింది.

మహేంద్రుడు కొద్దిమంది భిక్షువులతో లంకకి బయల్దేరాడు. వెళ్ళే ముందు విదిశలో తల్లిని చూసి, ఆమె కట్టించిన విహారంలో నెల్లాళ్ళు ఉన్నాడు. అతనితో సంఘమిత్ర కొడుకు సుమనుడు కూడా ఉన్నాడు. చిన్న వయసులోనే సామణేరుడై, అంటే దీక్షలో మొదటి మెట్టు ఎక్కి, మేనమామ వెంట నడిచాడు. మనకి ఏరువాక పున్నమి అయిన జ్యేష్ఠ పౌర్ణమినాడు మిహింతలె కొండ మీద లంక రాజు దేవానాంపియ తిస్సుడు వేటకి వచ్చి మహేంద్రుణ్ణి కలిశాడు. రాజు బౌద్ధుడయ్యాడు. రాజధాని అనూరాధపురం జనమంతా మహేంద్రుడి బోధ వినడానికి విరగబడ్డారు.

ఆ విన్నవాళ్ళలో అనుల ఉంది. రాజుగారి తమ్ముడి భార్య. ఆమె విని తలూపి ఊరుకోలేదు. తనకీ తనతో ఉన్న ఐదువందల మంది స్త్రీలకీ దీక్ష కావాలని అడిగింది. రాజు వెళ్ళి మహేంద్రుడితో చెప్పాడు. ఆడవాళ్ళకి దీక్ష ఇవ్వాలంటే భిక్షుణులు ఉండాలి, భిక్షువులం మేమే ఇవ్వడం మా నియమానికి విరుద్ధం, పాటలీపుత్రంలో నా చెల్లెలు సంఘమిత్ర ఉంది, ఆమెని పిలిపించండి, వచ్చేటప్పుడు బుద్ధుడు జ్ఞానం పొందిన రావిచెట్టు దక్షిణపు కొమ్మని కూడా తెమ్మనండి అన్నాడు మహేంద్రుడు.

ఈ వరస గమనించారా? లంకకి బోధివృక్షం రావడానికి మొదటి కారణం అనుల కోరిక. ఆ పిలుపులో ముందున్నది ఆడవాళ్ళకి దీక్ష. చెట్టు దానితోపాటు వచ్చింది. తరవాతి రోజుల్లో చెట్టు మహావైభవంగా ఎదిగి, అడిగిన ఆడవాళ్ళు దాని నీడలో కనపడకుండా పోయారు.

సంఘమిత్ర వచ్చేదాకా అనుల ఊరికే కూర్చోలేదు. పది శీలాలు పట్టి, కాషాయం కట్టి, ఊళ్ళో ఒక మూల రాజు కట్టించి ఇచ్చిన ఇంట్లో తన వాళ్ళందరితో కలిసి ఎదురుచూసింది. ఆ ఇంటికి ఉపాసికా విహారం అని పేరు. మగవాళ్ళకి అడిగిన రోజే దీక్ష దొరికింది. వీళ్ళు మాత్రం నెలల తరబడి ఎదురుచూశారు, సముద్రం అవతలినుంచి ఒకావిడ వస్తుందని.

వెళ్ళాలి అన్నది ఆమె

కబురు తీసుకుని వచ్చినవాడు రాజుగారి మేనల్లుడు, మంత్రి అయిన అరిట్ఠుడు. తిరిగొచ్చాక తనని సన్యాసం తీసుకోనివ్వాలని షరతు పెట్టి మరీ బయల్దేరాడు. అశోకుడికి రాజుగారి సందేశం ఇచ్చాడు. తరవాత నేరుగా సంఘమిత్ర దగ్గరికి వెళ్ళి, అన్నగారి మాటా, అక్కడ అనుల ఎదురుచూస్తున్న సంగతీ చెప్పాడు. ఆమె తండ్రి దగ్గరికి వెళ్ళి తన నిర్ణయం తెలిపింది.

అశోకుడు బెంగపడ్డాడు. కొడుకు వెళ్ళిపోయాడు, మనవడు వెళ్ళిపోయాడు. వాళ్ళని తలుచుకుని కుమిలిపోతుంటే నిన్ను చూసుకుని ఓదార్చుకుంటున్నాను, నువ్వు కూడా వెళ్ళిపోతే నేనెలా ఉండను తల్లీ అన్నాడు. పన్నెండేళ్ళ క్రితం సభలో బిడ్డల్ని దానమిచ్చి గర్వపడిన తండ్రి ఇతనే. అప్పుడు రాని కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి.

సంఘమిత్ర చెప్పిన జవాబు చాలా చిన్నది. అన్నగారి మాట నాకు పెద్దది, అక్కడ దీక్ష కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు ఎంతోమంది, నేను వెళ్ళి తీరాలి. అంతే. ఏడవలేదు, వాదించలేదు.

నాకు ఆ పంపించాడు అన్న మాటకి సమాధానం ఇక్కడ దొరికింది. పద్ధెనిమిదో ఏట ఆమెని తండ్రి ఇచ్చాడు. ముప్ఫయ్యో ఏట తండ్రి ఉండమన్నా ఆమె వెళ్ళింది. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది రాజుగారి పుణ్యం. రెండోది ఆమె పని.

ఇక బోధివృక్షం సంగతి. అంత పవిత్రమైన చెట్టు మీద కత్తి ఎలా పెట్టాలని అశోకుడు తటపటాయించాడట. బంగారు కుండీ చేయించి, ఎర్రటి మనశ్శిలతో కొమ్మ చుట్టూ గీత గీస్తే, కొమ్మ దానంతటదే విడివడి కుండీలో నిలిచి వేళ్ళూనిందని మహావంశం చెబుతుంది. మహిమ మాట అలా ఉంచి, రావి, మర్రి జాతి చెట్లు కొమ్మ పాతినా వేరు పడతాయని పెరట్లో మొక్కలు పెంచేవాళ్ళకి తెలుసు. కొమ్మ నాటితే వచ్చేది పిల్ల చెట్టు కాదు, ఆ చెట్టే. గింజ నుంచి మొలిచినదైతే కొత్త మొక్క అవుతుంది. అందుకే బౌద్ధులు అనూరాధపురంలో ఉన్నది బుద్ధుడు కూర్చున్న చెట్టులోని భాగమేనని అంత భక్తిగా చెప్పుకుంటారు.

ఓడ మీద

పాటలీపుత్రం నుంచి గంగ మీదుగా ఓడలో దిగి, తామ్రలిప్తి రేవుకి చేరారు. ఇప్పటి పశ్చిమ బెంగాల్‌లోని తామ్లుక్ అది. అశోకుడు సేనతో నేల మార్గాన అక్కడికి వచ్చాడు. మెడలోతు నీళ్ళలోకి దిగి తన చేతులతో కొమ్మని ఓడ మీద ఉంచాడు. ఓడ కనుమరుగయ్యేదాకా ఒడ్డున నిలబడి ఏడ్చాడట. చెట్టు కోసం ఏడ్చాడనే రాశారు గానీ, ఆ ఓడలో ఏముందో ఆడపిల్లని అత్తారింటికి పంపిన ఏ తండ్రిని అడిగినా చెబుతాడు.

సంఘమిత్రతో పదకొండుమంది భిక్షుణులు ఎక్కారు. చెట్టుని చూసుకోవడానికి రాజవంశాల వాళ్ళూ, మంత్రుల కుటుంబాల వాళ్ళూ, బ్రాహ్మణులూ, వర్తకులూ, గోపాలకులూ, సాలెవాళ్ళూ, కుమ్మరులూ వెంట వెళ్ళారు. ఒక చిన్న ఊరే కదిలినట్టు. నీళ్ళు పోయడానికి వెండి బంగారు కలశాలు కూడా పెట్టారు.

నడిసముద్రంలో నాగులు చెట్టుని ఎత్తుకుపోవడానికి వస్తే సంఘమిత్ర గరుడరూపం ధరించి వాళ్ళని హడలగొట్టిందని ఒక కథ. నమ్మినా నమ్మకపోయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆ గ్రంథం రాసిన భిక్షువు కాపాడే పని దేవుడికో రాజుకో అప్పజెప్పలేదు. అది ఆమె చేతిలోనే పెట్టాడు.

ఓడ లంక ఉత్తరాన జంబుకోల రేవుకి చేరింది. ఇప్పటి యాళ్‌పాణం, అంటే జాఫ్నా ప్రాంతంలో ఉంది ఆ చోటు. అక్కడ దేవానాంపియ తిస్సుడు కూడా మెడలోతు నీళ్ళలోకి నడిచొచ్చి చెట్టుని తలమీదికి ఎత్తుకున్నాడు. ఆ ఒడ్డున ఒక రాజు నీళ్ళలో నిలబడి సాగనంపాడు, ఈ ఒడ్డున ఒక రాజు నీళ్ళలో నిలబడి స్వాగతం పలికాడు. ఇప్పటికీ శ్రీలంకలో డిసెంబరు పౌర్ణమిని ఉందువప్ పోయ అనీ, సంఘమిత్ర దినమనీ జరుపుకుంటారు. మనకి సుమారుగా మార్గశిర పౌర్ణమి అది. ఆ రోజు సెలవు కూడా.

అనూరాధపురంలో

చెట్టుని మహామేఘవనంలో నాటారు. దాని పండ్ల గింజలనుంచి మొదట ఎనిమిది మొక్కలు మొలిస్తే ఒకటి జంబుకోలలో, ఒకటి దారిలోని తివక్కుడనే బ్రాహ్మణుడి ఊళ్ళో, ఒకటి మిహింతలెలో, ఒకటి దక్షిణాన కతరగామలో... ఇలా ద్వీపం నలుమూలలా నాటారు. తరవాత ఇంకో ముప్ఫైరెండు వచ్చాయి.

అనులకీ ఆమెతో ఉన్న స్త్రీలకీ దీక్ష అందింది. లంకలో భిక్షుణీ సంఘం ఏర్పడింది. ఉపాసికా విహారంలో సంఘమిత్ర పన్నెండు ఇళ్ళు కట్టించింది. వాటిలో ఒకదాంట్లో తాము వచ్చిన ఓడ తెరచాప కొయ్యనీ, ఒకదాంట్లో తెడ్డునీ, ఇంకోదాంట్లో చుక్కానినీ పెట్టించిందట. ఈ ముక్క చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెని వాడకపోయినా అటక మీద దాచుకునే ఆడవాళ్ళం మనం. రాగద్వేషాలు వదిలిన సన్యాసిని కూడా తనని తెచ్చిన ఓడ కొయ్యముక్కల్ని పారెయ్యలేకపోయింది. పైగా ఓడని విప్పేసి ఇళ్ళల్లో పెట్టుకుంటే ఇంక తిరుగుప్రయాణం లేదని కూడా అర్థం కదూ?

రానురాను విహారంలో సందడి ఎక్కువైంది. ఆమెకి ఏకాంతం ఇష్టం. రాజుగారి ఏనుగుని కట్టే కంబం ఉన్న చోట కాస్త నిశ్శబ్దంగా ఉంటుందని పగటిపూట అక్కడికి వెళ్ళి కూర్చునేది. ఒకరోజు రాజు ఆమెని చూడటానికి విహారానికి వచ్చి, లేదని తెలిసి, వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాడు. ఆమె మనసు తెలుసుకుని అక్కడే ఆమెకి ఒక ఆరామం కట్టించాడు. ఏనుగు కంబం పేరుమీదే దానికి హత్థాళ్హక విహారం అని పేరొచ్చింది. అందరికీ అన్నీ అమర్చే మనిషికి కూడా తనకంటూ కాస్త చోటు కావాలి. ఆమె నోరు తెరిచి అడగలేదు, వెళ్ళి కూర్చుంది. ఆ మాత్రం అర్థం చేసుకున్న రాజుని మెచ్చుకోవాలి.

దేవానాంపియ తిస్సుడి తరవాత ఆయన తమ్ముడు ఉత్తియుడు రాజయ్యాడు. అతని పాలన ఎనిమిదో ఏట మహేంద్రుడు పోయాడు. మరుసటి ఏడు, దీక్ష తీసుకున్న 59 ఏళ్ళకి, హత్థాళ్హక విహారంలో సంఘమిత్ర కన్నుమూసింది. రాజు ఊరంతా అలంకరించి అంత్యక్రియలు జరిపించాడు. దహనం ఎక్కడ చెయ్యాలో ఆమె ముందే చూపించి పెట్టిందట. థూపారామానికి తూర్పున, బోధివృక్షం కనపడే చోట. అక్కడే ఆమె పేర స్తూపం కట్టారు.

చెట్టు నిలిచింది, వరస తెగింది

గయలో ఉన్న తల్లిచెట్టు ఎన్నో కష్టాలు పడింది. అశోకుడి చివరి రోజుల్లో తిస్సరక్ష అనే రాణి, రాజు తనకంటే ఆ చెట్టుని ఎక్కువ ప్రేమిస్తున్నాడని అసూయపడి దాన్ని విషపు ముల్లుతో చంపించిందని మహావంశమే చెబుతుంది. ఆ తరవాత శశాంకుడనే రాజు నరికించాడని చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ రాశాడు. 1876లో గాలివానకి ఉన్న చెట్టు కూలిపోతే, 1881లో కన్నింగ్‌హామ్ అక్కడ మళ్ళీ మొక్క నాటించాడు. లంకలో చెట్టు మాత్రం నిలిచింది. 5వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఫాహియాన్ అది ఒక పక్కకి వాలితే ఊతకర్ర పెట్టారని రాశాడు. రాజధాని మారిపోయి అనూరాధపురం అడవైపోయినా చూసుకునేవాళ్ళు చూసుకుంటూనే వచ్చారు. 18వ శతాబ్దంలో అడవి ఏనుగులనుంచి కాపాడటానికి చుట్టూ గోడ కట్టారు. 1929లో ఒకడు కొమ్మ నరికాడు. 1985 మే 14న తమిళ పులులు ఆ ఊళ్ళో జరిపిన కాల్పుల్లో చెట్టు దగ్గర ప్రార్థన చేసుకుంటున్న ఆడవాళ్ళూ, భిక్షువులూ కూడా చనిపోయారు. ఇన్ని చూసి కూడా ఎత్తయిన అరుగు మీద, బంగారు రంగు ఊతల మీద వాలి, ఇంకా చిగురిస్తూనే ఉంది. మనిషి చేత్తో నాటిన చెట్లలో, నాటిన కాలం చరిత్రలో రాసిపెట్టి ఉన్నవాటిలో ఇంత పాతది ఇంకొకటి లేదంటారు.

మరి ఆమె తెచ్చిన రెండోది ఏమైంది? భిక్షుణీ సంఘం పన్నెండు వందల ఏళ్ళకి పైగా బతికింది. దీపవంశంలో ఎంతోమంది భిక్షుణుల పేర్లు వరసగా ఇచ్చారు. అసలా గ్రంథం భిక్షుణుల మధ్యే పుట్టి ఉంటుందని కొందరు పండితుల అభిప్రాయం. 429లో నంది అనే నావికుడి ఓడలో లంక భిక్షుణులు చైనా వెళ్ళారు. అక్కడి సన్యాసినులకి పద్ధతి ప్రకారం దీక్ష ఇవ్వడానికి వాళ్ళ సంఖ్య సరిపోలేదు. అదే నంది 433లో ఇంకొందర్ని తీసుకెళ్ళాడు. ముందు వెళ్ళినవాళ్ళు ఈలోగా చైనా భాష నేర్చుకున్నారు. అప్పుడు నాంజింగ్‌లో 300 మందికి పైగా చైనా స్త్రీలు వాళ్ళచేత దీక్ష పొందారు. అనుల కథే ఇంకో దేశంలో మళ్ళీ జరిగిందన్నమాట.

ఆ కాలంలోనే మన కృష్ణాతీరానికీ లంకకీ రాకపోకలు ఉండేవి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం దొరికింది. తామ్రపర్ణి, అంటే లంక గురువుల కోసం ఆమె చైత్యం కట్టించింది. అక్కడి సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక మందిరం కట్టించానని కూడా అందులో రాయించింది. రాణి కాదు, సంసారం చేసుకునే గృహిణి. నాగార్జునసాగర్ నీళ్ళకింద ఉన్న ఆ లోయలో ఒకప్పుడు రావిచెట్టుకి గుడి కట్టించిన తెలుగుగడ్డ ఆడపడుచు ఆమె. ఈ సంగతి తెలిశాక లాంచీలో కొండకి వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళని చూసే చూపే మారింది నాకు.

11వ శతాబ్దం మొదట్లో చోళుల దండయాత్రలతో అనూరాధపురం కూలిపోయింది. విహారాలు పాడుపడ్డాయి. భిక్షువుల సంఘమూ, భిక్షుణుల సంఘమూ రెండూ చితికిపోయాయి. తరవాత విజయబాహు రాజు మళ్ళీ రాజ్యం నిలబెట్టి బర్మానుంచి భిక్షువుల్ని పిలిపించాడు. మగవాళ్ళ దీక్షల వరస మళ్ళీ మొదలైంది. ఆడవాళ్ళ వరసని ఎవరూ మొదలుపెట్టలేదు. భిక్షుణులు లేరు కాబట్టి భిక్షుణి దీక్ష ఇవ్వడం కుదరదన్నారు. మహేంద్రుడు ఆ నియమం చెప్పి చెల్లెల్ని పిలిపించాడు. తరవాతివాళ్ళు అదే నియమం చెప్పి తలుపు వేశారు. నియమం ఒకటే, మనసులే వేరు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు లంకలో ఆడవాళ్ళు అనుల ఎదురుచూసినట్టే ఉండిపోయారు.

1931లో అనగారిక ధర్మపాల మన దేశంలో సారనాథ్‌లో మూలగంధకుటి విహారం ప్రారంభించినప్పుడు, అనూరాధపురం చెట్టు మొక్కని తెప్పించి అక్కడ నాటించారు. వెళ్ళిన చెట్టు బిడ్డగా తిరిగొచ్చింది. అదే సారనాథ్‌లో 1996 డిసెంబరులో, కుసుమ అనే చదువుకున్న శ్రీలంక మహిళ, ఆమెతో మరికొందరు కొరియా భిక్షుణుల సహాయంతో పూర్తి దీక్ష తీసుకున్నారు. కొరియా వాళ్ళ సంప్రదాయం చైనానుంచి వచ్చింది. చైనాకి దీక్ష ఇచ్చింది లంక. లంకకి ఇచ్చింది సంఘమిత్ర. 1998లో శ్రీలంకలోనే దంబుల్లలో దీక్షలు జరిగాయి. పెద్ద భిక్షువులు చాలామంది ఈ దీక్షల్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు. అయినా వందలమంది ఆడవాళ్ళు భిక్షుణులయ్యారు.

అప్పట్లో లంక ఆడవాళ్ళు అడిగితే ఇక్కడినుంచి ఒకావిడ సముద్రం దాటి వెళ్ళింది. ఈసారి పిలిచినా వచ్చేవాళ్ళు లేక, వాళ్ళే సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు.